లేఆఫ్ కాగితాల్లో వయసుల పట్టిక: ఎందుకు ఇస్తారు, ఎలా తప్పించుకుంటారు

అమెరికాలో ఒక కంపెనీ ఒకేసారి కొంతమందిని తీసేసినప్పుడు, 40 దాటిన ఉద్యోగుల చేతికొచ్చే సెవరెన్స్ (ఉద్యోగం తీసేసేటప్పుడు ఇచ్చే డబ్బు) కాగితాల చివర సాధారణంగా ఒక పట్టిక ఉంటుంది. ఒక గడిలో ఉద్యోగ హోదా, పక్క గడిలో వయసు, ఆ పక్కన ఆ హోదాలో ఆ వయసువాళ్లను ఎంతమందిని తీశారు, ఎంతమందిని ఉంచారు అన్న లెక్క. పేర్లుండవు. "సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్, 52 ఏళ్లు, తీసినవారు 1, ఉంచినవారు 0" ఇలా వరసగా పేజీలకు పేజీలు. చాలామంది దాన్ని తిరగేసి పక్కన పెట్టేస్తారు, ఎందుకంటే ఆ రోజు మనసంతా ఎన్ని వారాల జీతం ఇస్తున్నారు, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంటుంది, ఇంటి లోన్ ఎలా కట్టాలి అన్న వాటి మీదే ఉంటుంది. కానీ ఆ కాగితాల కట్టలో ఉద్యోగికి తనంతట తానుగా ఎప్పటికీ దొరకని సమాచారం ఏదైనా ఉందంటే అది ఈ పట్టికే. తన ఒక్కడి సంగతి ఎవరికైనా తెలుస్తుంది, మిగతా వందమంది సంగతి కంపెనీకే తెలుసు.

ఈ పట్టిక ఎలా వచ్చిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. ఉద్యోగాల్లో వయసు వివక్షను నిషేధిస్తూ అమెరికా 1967లో చట్టం చేసింది. 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థలకు అది వర్తిస్తుంది, 40 ఏళ్లు నిండినవాళ్లకు రక్షణ ఇస్తుంది. మొదట్లో 65 ఏళ్ల వరకే ఉండేది, 1978లో 70కి పెంచారు, 1986లో పై పరిమితిని దాదాపుగా ఎత్తేశారు. చట్టమైతే ఉంది గానీ, మూకుమ్మడిగా తీసేసేటప్పుడు కంపెనీలు "ఇంత డబ్బు ఇస్తాం, మా మీద ఏ కేసూ వెయ్యనని రాసివ్వండి" అని సంతకాలు తీసుకోవడం మామూలైపోయింది. ఏం వదులుకుంటున్నారో తెలియకుండానే జనం సంతకం పెట్టేవాళ్లు. దానికి విరుగుడుగా 1990 అక్టోబరులో వయసుపైబడిన ఉద్యోగుల ప్రయోజనాల రక్షణ చట్టం వచ్చింది. వయసుల పట్టిక అందులోదే.

ఇక్కడే ఒక విషయం సరిగ్గా అర్థం చేసుకోవాలి, లేకపోతే మిగతాదంతా తప్పుగా అర్థమవుతుంది. కంపెనీ జనాన్ని తీసేసినంత మాత్రాన వయసుల వివరాలు బయటపెట్టాలని ఈ చట్టం చెప్పదు. వయసు వివక్ష మీద కేసు వేసే హక్కును ఉద్యోగి వదులుకున్నట్టు సంతకం కావాలనుకుంటే, అప్పుడు మాత్రమే ఆ వివరాలు ఇవ్వాలి. అంటే పట్టిక ఉద్యోగికి నేరుగా దక్కిన హక్కు కాదు, అతని సంతకానికి కంపెనీ చెల్లించే ధర. ఆ సంతకం అక్కర్లేదనుకున్న కంపెనీ పట్టికా ఇవ్వక్కర్లేదు. ఈ చట్టం బలమూ బలహీనతా రెండూ ఈ ఒక్క చోటే ఉన్నాయి.

సంతకం చెల్లాలంటే షరతులు కాస్త గట్టివే. ఒప్పందం మామూలు మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలి, 1967 చట్టం కింద ఉన్న హక్కుల్ని పేరుపెట్టి చెప్పాలి, ముందుముందు జరగబోయే అన్యాయాలకు కూడా ఇప్పుడే మాఫీ రాయించుకోకూడదు, ఎలాగూ రావలసిన జీతమో సెలవుల డబ్బో కాకుండా అదనంగా ఏదైనా ఇవ్వాలి, లాయర్‌ని సంప్రదించమని రాతపూర్వకంగా చెప్పాలి. ఒక్కరినే తీస్తే ఆలోచించుకోవడానికి 21 రోజులు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమందిని ఒక పథకం కింద తీస్తే 45 రోజులు గడువివ్వాలి. సంతకం పెట్టాక కూడా 7 రోజుల్లోపు వెనక్కి తీసుకోవచ్చు, ఈ 7 రోజుల్ని ఇద్దరూ ఒప్పుకున్నా తగ్గించడానికి వీల్లేదు. గుంపుగా తీసినప్పుడు వీటన్నిటితో పాటు పట్టిక. అందులో వయసులు విడివిడిగా ఉండాలి, "40 నుంచి 50 మధ్య ఇంతమంది" అని గంపగుత్తగా రాస్తే చెల్లదని నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. లేఆఫ్‌లు విడతలుగా జరిగితే తర్వాతి విడతల పట్టికలో ముందు విడతల లెక్క కూడా కలిపి చూపాలి.

ఈ షరతుల్లో ఏది తప్పినా ఆ సంతకం వయసు కేసుకు అడ్డం రాదు. 1998లో ఊబ్రే కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. లూసియానాలో ఒక కరెంటు కంపెనీ ఉద్యోగినికి 21 రోజుల బదులు 14 రోజులే ఇచ్చారు, వెనక్కి తీసుకునే 7 రోజుల సంగతి చెప్పలేదు, వయసు చట్టాన్ని ప్రస్తావించనే లేదు. ఆమె 6,258 డాలర్లు తీసుకుని సంతకం పెట్టి, తర్వాత కేసు వేసింది. ఆ డబ్బు ముందు తిరిగిచ్చి మాట్లాడమంది కంపెనీ. అక్కర్లేదంది కోర్టు. ఉద్యోగం పోయినవాళ్లు ఆ డబ్బు ఖర్చుపెట్టేసే ఉంటారు, తిరిగిస్తేనే కేసు అంటే అసలు కేసే ఉండదని న్యాయమూర్తులు గ్రహించారు. ఇంకో సంగతి, ఒప్పందం ఎంత పక్కాగా ఉన్నా, ఈఈఓసీ అనే సమాన ఉద్యోగావకాశాల కమిషన్‌కు ఫిర్యాదు చేసే హక్కును మాత్రం ఎవరూ రాయించుకోలేరు.

ఇప్పుడు పట్టికను ఎలా చదవాలో చూద్దాం. ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. 30 మంది టీమ్, అందులో 40 దాటినవాళ్లు 12 మంది, చిన్నవాళ్లు 18 మంది. 8 మందిని తీశారు, వాళ్లలో ఆరుగురు 40 దాటినవాళ్లు, ఇద్దరు చిన్నవాళ్లు. అంటే పెద్దవాళ్లలో సగంమంది పోయారు, చిన్నవాళ్లలో 11 శాతం. ఎవరు చూసినా ఆగి అడగాల్సిన తేడా. కానీ కంపెనీ పట్టికను ఆ టీమ్ వరకే కాకుండా మొత్తం 300 మంది డివిజన్‌కు వేసిందనుకోండి. అందులో 40 దాటిన 120 మందిలో 26 మంది, చిన్నవాళ్లు 180 మందిలో 34 మంది పోయారు. 22 శాతం, 19 శాతం. తేడా మాయమైపోయింది. మనుషులు వాళ్లే, నిర్ణయం అదే, గీత గీసిన చోటు మారిందంతే. అందుకే ఆ కాగితాల్లో అన్నిటికంటే ముందు చదవాల్సింది వయసుల గడి కాదు, ఎవరెవర్ని కలిపి ఒక యూనిట్‌గా లెక్కపెట్టారో చెప్పే వాక్యం. ఎవరిని ఉంచాలి, ఎవరిని తీయాలి అని నిజంగా ఏ గుంపులోంచి ఎంచారో ఆ గుంపునే చూపాలని నిబంధన, కానీ ఆ గుంపు హద్దులు రాసేది కంపెనీయే.

40 అనే గీతతో ఇంకో చిక్కుంది. పైన చెప్పిన టీమ్‌లో 40 దాటిన 12 మందిలో ఆరుగురు 41, 42 ఏళ్లవాళ్లు, ఆరుగురు 50 దాటినవాళ్లు అనుకోండి, పోయినవాళ్లు ఆ 50 దాటిన ఆరుగురే. 40 పైన, 40 కింద అని లెక్కేస్తే సగమే పోయినట్టు కనిపిస్తుంది, 50 పైన అని లెక్కేస్తే ఒక్కరూ మిగల్లేదు. 40 దాటినవాళ్లలోనే పెద్దవాళ్లను విడిగా లెక్కపెట్టి వివక్ష చూపించవచ్చా అన్నదాని మీద అమెరికా అప్పీలు కోర్టుల్లో ఏకాభిప్రాయం లేదు. 2017లో పిట్స్‌బర్గ్ గ్లాస్ వర్క్స్ కేసులో మూడో సర్క్యూట్ (కొన్ని రాష్ట్రాలకు కలిపి ఉండే అప్పీలు కోర్టును సర్క్యూట్ అంటారు) చూపించవచ్చంది, అంతకుముందే మరికొన్ని సర్క్యూట్లు కుదరదన్నాయి. కేసు ఏ రాష్ట్రంలో వేశారన్న దాన్నిబట్టి 55 ఏళ్ల మనిషికి న్యాయం మారిపోవడం ఏ రకంగానూ సమర్థించుకోదగ్గది కాదు. ఇంగితంతో ఆలోచిస్తే మూడో సర్క్యూట్ మాటే సరైంది, 57 ఏళ్లవాడికి మళ్లీ ఉద్యోగం దొరకడంలో ఉండే కష్టం 41 ఏళ్లవాడికి ఉండదు కదా.

సరే, పట్టికలో తేడా స్పష్టంగా కనిపించిందనే అనుకుందాం. అది సాక్ష్యానికి మొదలు మాత్రమే. 2009లో గ్రాస్ కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురుగా చీలి ఇచ్చిన తీర్పు ప్రకారం, వయసు కూడా ఒక కారణం అని చూపిస్తే చాలదు, వయసు లేకపోతే ఆ నిర్ణయం జరిగేదే కాదని ఉద్యోగి రుజువు చెయ్యాలి. మతం, జాతి, స్త్రీపురుష వివక్ష కేసుల్లో ఇంత బరువు ఉండదు. దానికంటే ముందే, 1993లో హేజెన్ పేపర్ కేసులో, పెన్షన్‌కు కావాల్సిన సర్వీసు నిండబోతుండగా 62 ఏళ్ల ఉద్యోగిని తీసేసిన సందర్భంలో, సర్వీసు వేరు, వయసు వేరు అని కోర్టు గీత గీసింది. ఈ గీతే కంపెనీలకు బాగా పనికొచ్చింది. "మేం వయసు చూడలేదు, జీతం ఎక్కువ ఉన్నవాళ్లను చూశాం" అనొచ్చు. జీతం ఎక్కువున్నది ఎవరికి అంటే ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నవాళ్లకే, కానీ కోర్టులో అది వేరే ప్రశ్న అయిపోతుంది.

ఉద్యోగుల వైపు తీర్పులు అసలు లేవని కాదు. న్యూయార్క్ రాష్ట్రంలో నోల్స్ అణు ప్రయోగశాల 1990ల్లో 31 మందిని తీసేస్తే వాళ్లలో 30 మంది 40 దాటినవాళ్లే. మేనేజర్లు పనితీరుకు ఇన్ని మార్కులు, ఫ్లెక్సిబిలిటీకి ఇన్ని, కీలక నైపుణ్యాలకు ఇన్ని, సర్వీసుకు ఇన్ని అని వేసి కిందున్నవాళ్లను తీశారు. మీచమ్ కేసుగా అది 2008లో సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, కొలమానాలు సహేతుకమైనవని చూపించాల్సిన భారం కంపెనీదేనని తీర్పొచ్చింది. ఆ కేసు నుంచి గుర్తుపెట్టుకోవాల్సిందేమిటంటే ఎక్కడ తేడా పుట్టిందనేది. ఫ్లెక్సిబిలిటీ, కీలక నైపుణ్యాలు అనే గడుల్లో. అక్కడ కొలిచేందుకు లెక్కేమీ ఉండదు, మేనేజర్‌కు ఎదుటి మనిషి మీదున్న అభిప్రాయమే మార్కుగా మారుతుంది. "కొత్త టెక్నాలజీకి అలవాటుపడలేడు" అని 54 ఏళ్లవాడి గురించి అనుకోవడం ఎంత సులువో, 29 ఏళ్లవాడి గురించి అనుకోవడం అంత కష్టం, వాళ్లిద్దరికీ ట్రైనింగ్ ఇచ్చి చూశారా అంటే మామూలుగా చూసి ఉండరు. ఇప్పుడు ఏఐ పేరుతో జరుగుతున్న కోతల్లో కూడా ఈ మాట మళ్లీ మళ్లీ వినబడుతోంది కాబట్టి దీన్ని పాత కేసుగా కొట్టిపారెయ్యలేం.

ఇక తప్పించుకునే దారి. ఐబీఎం సంగతి చాలామందికి తెలిసిందే అయినా వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే చట్టంలోని కంత ఎక్కడుందో అది చూపించింది. ప్రోపబ్లికా అనే పరిశోధనాత్మక వార్తా సంస్థ 2018 మార్చిలో వేసిన కథనం ప్రకారం, అంతకుముందు అయిదేళ్లలో ఐబీఎం అమెరికాలో 40 దాటిన ఉద్యోగుల్ని దాదాపు 20 వేల మందిని తీసేసిందని అంచనా, ఆ కాలంలో అక్కడ తీసేసిన మొత్తంలో అది సుమారు 60 శాతం. అదే కథనంలో బయటికొచ్చిన ముఖ్యమైన విషయం, 2014లో ఆ కంపెనీ వయసుల పట్టికలు ఇవ్వడం మానేసిందని. ఎలా మానగలిగింది? ఒప్పందంలో వయసు వివక్ష కేసును వదులుకొమ్మని అడగడం ఆపేసింది. దాని బదులు, అలాంటి ఫిర్యాదు ఏదైనా ఉంటే కోర్టుకు వెళ్లకూడదు, నలుగురితో కలిసి వెయ్యకూడదు, ఎవరికి వాళ్లు కోర్టు బయట, మధ్యవర్తి ముందు జరిగే ప్రైవేటు ఆర్బిట్రేషన్‌లో తేల్చుకోవాలి అని రాయించుకుంది. హక్కును వదులుకోమనలేదు కాబట్టి దాని ధర, అంటే పట్టిక, చెల్లించక్కర్లేదు. 2022లో ఎస్టిల్ కేసులో రెండో సర్క్యూట్ అప్పీలు కోర్టు కూడా ఇది చట్టానికి విరుద్ధం కాదంది. పదాల ప్రకారం చూస్తే తీర్పు సరే కావచ్చు. కానీ ఫలితం చూడండి. పక్కవాడికి ఏమైందో తెలియని మనిషి, పక్కవాడితో కలవడానికి వీల్లేని మనిషి, మూసిన తలుపుల వెనక ఒంటరిగా, "వయసు లేకపోతే నన్ను తీసేవాళ్లు కాదు" అని రుజువు చెయ్యాలి. దేంతో చేస్తాడు?

2020లో ఈఈఓసీ తన విచారణ ముగించి, 2013 నుంచి 2018 దాకా ఐబీఎంలో పద్ధతి ప్రకారం వయసు వివక్ష జరిగిందని నమ్మడానికి తగిన ఆధారం ఉందని తేల్చింది. కోతకు పరిశీలించినవాళ్లలో 85 శాతానికి పైగా పెద్ద వయసువాళ్లేనని ఆ లేఖలో ఉంది. 2022లో కోర్టు ద్వారా బయటపడిన అంతర్గత ఈమెయిళ్లలో పెద్ద వయసు ఉద్యోగుల్ని "డైనోబేబీస్" అని, వాళ్లను అంతరించిపోయిన జాతిగా చెయ్యాలని రాసుకున్న మాటలున్నాయి. తాము పద్ధతి ప్రకారం వివక్ష ఎప్పుడూ చూపలేదని కంపెనీ ఖండించింది. ఆ ఈమెయిళ్లు బయటికి రావడానికి ఎన్నేళ్లు, ఎంతమంది లాయర్లు పట్టారో ఆలోచిస్తే, ఒక పేజీ పట్టిక విలువ ఏమిటో తెలుస్తుంది.

తెలుగువాళ్లకు ఇది దూరపు సంగతేం కాదు. వైటూకే రోజుల్లో ఇరవై అయిదేళ్ల వయసులో అమెరికా వెళ్లినవాళ్లు ఇప్పుడు యాభై దాటారు. ఆ చట్టం అమెరికాలో పనిచేసే ఉద్యోగికి పౌరసత్వంతో సంబంధం లేకుండా వర్తిస్తుంది, హెచ్‌1బీ మీద ఉన్నా సరే. కాకపోతే గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్ల తరబడి ఇరుక్కుని ఇంకా హెచ్‌1బీ మీదే ఉన్నవాళ్లకు రెండు గడియారాలు ఒకేసారి తిరుగుతుంటాయి. ఉద్యోగం పోయాక కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులు, ఒప్పందం మీద ఆలోచించడానికి 45 రోజులు. మొదటి గడియారం టెన్షన్‌లో రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు, డబ్బు త్వరగా వస్తుందని మొదటి వారంలోనే సంతకం పెట్టేస్తారు. 45 రోజులూ వాడుకున్నంత మాత్రాన చట్టం ప్రకారం ఏ నష్టమూ లేదు, లాయర్‌తో ఒక గంట మాట్లాడటానికి ఆ సమయం చాలు. ఈఈఓసీకి ఫిర్యాదు చెయ్యడానికి మాత్రం 180 రోజులే గడువు, వయసు వివక్ష మీద సొంత చట్టమూ, దాన్ని చూసే సంస్థా ఉన్న రాష్ట్రాల్లో 300 రోజులు.

చిన్న సంగతే గానీ చెప్పుకోవాల్సింది ఒకటుంది. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వేసిన పుట్టినతేదీనే జీవితాంతం మోస్తున్నవాళ్లు మనలో బోలెడుమంది. అసలు వయసు 41, రికార్డుల్లో 39 అయితే, కంపెనీ పట్టికలో 39 అనే పడుతుంది. పదో తరగతి సర్టిఫికెట్, పాస్‌పోర్టు అన్నీ అదే చెబుతున్నప్పుడు తర్వాత ఇంట్లో అమ్మానాన్నలు చెప్పే లెక్క పట్టుకుని వాదించడం దాదాపు అసాధ్యం.

ఇక మన దేశం. ప్రైవేటు ఉద్యోగాల్లో వయసు వివక్షను నిషేధించే చట్టం భారతదేశంలో లేదు. రాజ్యాంగం 15వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం అంటుంది గానీ వయసు అనదు, పైగా అది ప్రధానంగా ప్రభుత్వానికి పెట్టిన కట్టుబాటు. 2025 జులైలో టీసీఎస్ తన ఉద్యోగుల్లో 2 శాతం, అంటే 12 వేల మందికి పైగా తగ్గిస్తామని, అది ఎక్కువగా మధ్య, సీనియర్ స్థాయిల్లో ఉంటుందని ప్రకటించినప్పుడు హైదరాబాద్ మాదాపూర్ నుంచి చెన్నై దాకా అందరూ లెక్కలేసుకున్నారు. మధ్య, సీనియర్ స్థాయి అంటే మామూలుగా ఏ వయసు వాళ్లో ఎవరికైనా తెలుసు. కానీ వయసులవారీగా లెక్క చూపమని అడగడానికి ఇక్కడ చట్టంలో దారి లేదు.

అలాగని మన దగ్గర పట్టిక అనే ఆలోచనే లేదా అంటే ఉంది, అది ఫ్యాక్టరీ గోడ మీద ఉండేది. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో 25జి సెక్షన్ ప్రకారం ఒక విభాగంలో కార్మికుల్ని తగ్గించాలంటే మామూలుగా చివర చేరినవాళ్లనే ముందు తియ్యాలి, అలా చెయ్యకపోతే కారణం రాసిపెట్టాలి. కేంద్ర నియమాల్లో 77వ నియమం ఇంకో అడుగు ముందుకేసి, తీసేసే తేదీకి కనీసం 7 రోజుల ముందు సీనియారిటీ జాబితా నోటీసు బోర్డు మీద పెట్టమంది. సర్వీసు లెక్కే అయినా పాతవాళ్లకు అది పెద్ద రక్ష, ఎవరిని దాటి ఎవరి దగ్గరికి వెళ్లారో అందరికీ కనబడేది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా చివర చేరినవాళ్లే ముందు అనే సూత్రాన్ని అలాగే ఉంచింది.

మరి ఐటీలో ఇదెందుకు కనబడదు? రెండు కారణాలు. మొదటిది, ఈ రక్షణ కార్మికుడి నిర్వచనంలోకి వచ్చేవాళ్లకే. మేనేజర్ పని చేసేవాళ్లు రారు, సూపర్‌వైజర్ పని చేస్తూ పాత చట్టంలో నెలకు 10 వేలు, కొత్త కోడ్‌లో 18 వేలు దాటిన జీతం ఉన్నవాళ్లూ రారు. సాంకేతిక పని చేసేవాళ్లు నిర్వచనంలో ఉన్నారు, కాబట్టి హోదా పేరులో "లీడ్" అనో "కన్సల్టెంట్" అనో ఉన్నంత మాత్రాన హక్కు పోదు, చేసే పనేమిటన్నదే ముఖ్యం. 2015లో తీసేసిన ఒక ఐటీ ఇంజినీర్‌ను తిరిగి చేర్చుకోమని చెన్నై లేబర్ కోర్టు 2022లో చెప్పింది ఈ తర్కం మీదే. కానీ అందుకు ఏడేళ్లు పట్టింది, ఇంటి ఈఎంఐ ఏడేళ్లు ఆగదు.

రెండో కారణం మరీ దారుణం. ఇక్కడ చాలా కంపెనీలు ఎవర్నీ "తియ్యవు". హెచ్‌ఆర్ ఒక గదిలోకి పిలిచి, సొంత కారణాలతో రాజీనామా చేస్తున్నట్టు మెయిల్ పెట్టమంటుంది, పెట్టకపోతే టెర్మినేషన్ అని రికార్డులో పడుతుందని, రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్ సంగతి ఆలోచించుకోమని చెబుతుంది. తర్వాతి కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోతామన్న భయంతో ఇరవై ఏళ్ల సర్వీసున్న మనిషి కూడా పదిహేను నిమిషాల్లో ఆ మెయిల్ పెట్టేస్తాడు. ఆ క్షణం నుంచి చట్టం దృష్టిలో అక్కడ కోతే జరగలేదు. నోటీసు అక్కర్లేదు, ఏడాదికి 15 రోజుల చొప్పున పరిహారం అక్కర్లేదు, చివర చేరినవాళ్లు ముందు అనే సూత్రం అక్కర్లేదు. అమెరికాలో సంతకానికి తక్కువో ఎక్కువో ఒక ధర ఉంది, దాంతో పాటు 45 రోజులున్నాయి. ఇక్కడ అంతకంటే పెద్ద సంతకం ఉచితంగా పోతోంది.

కాబట్టి హైదరాబాద్‌లో గానీ బెంగళూరులో గానీ ఆ గదిలోకి పిలుపు వచ్చిన 45 ఏళ్ల మనిషి ముందు చెయ్యాల్సింది, అక్కడికక్కడ ఏ మెయిలూ పెట్టకుండా, అడుగుతున్నదేదో రాతలో ఇవ్వమనడం, అప్రైజల్ లెటర్లలో తనకు రావలసిన కాపీలు తీసిపెట్టుకోవడం, లేబర్ లాయర్‌తోనో ఉద్యోగ సంఘంతోనో మాట్లాడాకే జవాబివ్వడం. ప్రభుత్వాలు చెయ్యాల్సింది కూడా పెద్ద కష్టమైనదేం కాదు. ఒక కంపెనీ మూడు నెలల్లో ఫలానా సంఖ్యకు మించి మనుషుల్ని వదిలించుకుంటే, రాజీనామా అన్నా టెర్మినేషన్ అన్నా సరే, హోదా, వయసు, సర్వీసు, ఉంచారా పంపారా అనే నాలుగు గడులతో ఒక పట్టిక కార్మిక శాఖకూ, వెళ్తున్న ప్రతి ఉద్యోగికీ ఇవ్వాలని నియమం పెట్టొచ్చు. అమెరికా చట్టంలోలా దాన్ని సంతకానికి ముడిపెట్టకూడదు, లేకపోతే ఇక్కడా ఆర్బిట్రేషన్ క్లాజు ఒకటి మొలుస్తుంది. పేర్లు అక్కర్లేదు, చిన్న టీమ్‌లో ఎవరి వయసు ఎవరిదో తోటివాళ్లు పోల్చుకోగలరన్న ఇబ్బంది ఉంది కాబట్టి ఆ పట్టికను బయట ప్రచురించనక్కర్లేదు. ఆ సమాచారం జీతాల సాఫ్ట్‌వేర్‌లో ఇప్పటికే ఉంది, పట్టికగా తీసి ఇవ్వడానికి కంపెనీకి ఒక పూట పని.